పెద్దత్త ఎక్కితేనే తిరిగిన బ్లోయర్

కారులో ఏసీ ఉందంటే నలుగురూ వచ్చి తలుపు తీసి, లోపల చెయ్యిపెట్టి చూసే రోజులవి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పూర్తిచేసి, కాశీబుగ్గలో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపులో చేరిన ఇరవై రెండేళ్ళ నాకు, కరెంటు గురించి ఇంకా తెలుసుకోవలసింది ఏముందిలే అనిపించేది. (నిజానికి ఆ ఆరునెలల్లో నేను బాగుచేసినవన్నీ హారన్లు, ఇండికేటర్లే. ఏసీ బండి వస్తే మేస్త్రి దాన్ని నా చేతికి ఇచ్చేవాడు కాదు.) ఇంట్లో వాళ్ళకి మాత్రం నేను ఇంజినీరునే. ఆ బిరుదుని నేనెప్పుడూ కాదనలేదు.

ఆ మే నెలలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి కుదిరింది. పదిన్నరకి టెక్కలి చర్చిలో పెళ్ళి. చిన్నాన్న ఇల్లు ఉద్దానంలో, సముద్రపు హోరు వినిపించేంత దగ్గర. జీడిపిక్కల వ్యాపారం చేసే ఆయన స్నేహితుడొకరు, పెళ్ళికూతురి కోసం తన తెల్లకారు పంపించారు. తీరా పొద్దున్న ఎనిమిదింటికి డ్రైవరొచ్చి బ్లోయర్ తిరగడం లేదన్నాడు. బ్లోయర్ అంటే చల్లగాలిని బయటికి తోసే ఫ్యాను. అది తిరగకపోతే ఏసీ ఉన్నా లేనట్టే. చెల్లి అప్పటికే తెల్లచీర కట్టుకుని, మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని ఉంది. "అద్దాలు దించుకుని ఎల్తే దుమ్మంతా ముసుగు మీదే పడిపోతాది. ఎత్తుకుని ఎల్తే పిల్ల ఉడికిపోతాది" అని చిన్నమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చిన్నాన్న నా వైపు తిరిగి, "మన ఇంజినీరుండగా బెంగేటి" అన్నాడు.

ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. కరెంటు వస్తోందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు క్లిప్పుని తలుపు బోల్టుకి తగిలించి, రెండో కొసని మోటారుకొచ్చే వైరు మీద పెడితే బల్బు వెలిగింది. కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు, కాబట్టి మోటారు పోయిందని పెళ్ళివారందరూ వినేలా తీర్పు చెప్పేశాను. ముందు సీటు దగ్గర, కాళ్ళు పెట్టుకునే చోట ఉన్న ప్లాస్టిక్ మూత పీకి, మోటారు బయటికి తీసి, నేరుగా బ్యాటరీకి కలిపాను. సుబ్బరంగా తిరిగింది. "సచ్చిపోనాదన్నావు, బతికే ఉన్నాది కదరా" అన్నాడు చిన్నాన్న. మూత పక్కన పడేసి, మోటారు మళ్ళీ బిగించాను. మళ్ళీ తిరగలేదు. తొమ్మిది దాటింది, నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

అప్పుడొచ్చింది మా పెద్దత్త. ఆమె చిన్నాన్నకి సొంత అక్క, మా వైపు మాటలో అప్ప. శుభలేఖలో తన పేరు పడలేదని రెండు వారాలుగా తమ్ముడితో మాటల్లేవు. చెల్లి మీద ప్రేమ కొద్దీ వచ్చింది గానీ, అందరితోపాటు వ్యానులోనే వెళ్తానని భీష్మించుకుంది. "ఒరే అల్లుడూ, ఎండలో నిలబడలేకపోతన్నాను, రవ్వంత సేపు కూకుంటాను" అని కారు ముందు సీట్లో కూలబడింది. కూర్చోగానే బ్లోయర్ బుర్రుమంది. నేను అంతా నా పనితనమే అన్నట్టు లేచి నిలబడ్డాను. వ్యాను హారను విని అత్త దిగింది. బ్లోయర్ ఆగిపోయింది. మళ్ళీ కూర్చోబెట్టాను, తిరిగింది.

ఆమె పాదం వైపు చూస్తే సంగతి అర్థమైంది. మోటారులోంచి కరెంటు తిరిగి వెళ్ళే నల్లవైరుని, అంటే ఎర్తుని, నేను పీకిన మూత వెనక రేకుకి బోల్టుతో బిగించి ఉంటుంది. ఉప్పుగాలికి ఆ బోల్టు తుప్పుపట్టి వదులైంది. అత్త పాదం వైరుని రేకుకేసి నొక్కితే కరెంటుకి దారి దొరుకుతోంది. నా టెస్ట్ ల్యాంపేమో తన ఎర్తు తాను తలుపు బోల్టు నుంచి తెచ్చుకుని, నిశ్చింతగా వెలిగింది. గరుకు కాగితంతో రుద్ది బోల్టు బిగిస్తే అయిదు నిమిషాల పని. స్పానర్ కోసం వంగాను కూడా.

అంతలో చిన్నాన్న తలుపు దగ్గరికొచ్చి, తల దించుకుని, "అప్పా, నువ్వు కూకుంటేనే తిరగతంది. పిల్లతో నువ్వే ఎల్లు" అన్నాడు. అత్త వ్యాను వైపు చూస్తూ, "పేరే అక్కర్లేనోళ్ళకి మనిసెందుకు?" అంది. "తప్పయిపోనాది. కంగారులో నీ పేరు రాయడం మర్సిపోనాను" అన్నాడు చిన్నాన్న. నేను స్పానర్ జేబులో వేసుకుని, ఏమీ కనిపెట్టనివాడిలా వెనక సీట్లో చెల్లి పక్కన ఇరుక్కున్నాను.

కాశీబుగ్గ రైలు గేటు దగ్గర బండి ఆగినప్పుడు అత్త కాళ్ళు వెనక్కి లాక్కుంది. బ్లోయర్ ఆగింది. నా చెయ్యి జేబులో స్పానర్ మీదికి పోయింది. ఆమె సర్దుకుని కూర్చుంటే మళ్ళీ తిరిగింది. టెక్కలిలో చెల్లి నలగకుండా, చెమట పట్టకుండా దిగింది. అత్త చెయ్యి పట్టుకుని చర్చి మెట్లెక్కింది. లోపల పాటలు పాడుతున్నప్పుడు నేను బయట బోల్టు బిగించాను.

చాలా ఏళ్ళకి, నాకూ సొంత షాపు వచ్చాక, పెద్దత్తని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ రహస్యం చెప్పాను. ఆమె తమలపాకుకి సున్నం రాస్తూ, "అది నాకు రైలుగేటు కాడే తెలిసిపోనాది. టెక్కలి దాకా కాలు తియ్యలేదు. తిమ్మిరెక్కిపోనాది" అంది.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"సెప్తే బోల్టు బిగించీసి, నన్ను వ్యానెక్కించీయరా?"

వెనక సీట్లో, ఇంతమంది పరువు నా జేబులోనే ఉందని మురిసిపోతూ కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, తనొక్కడికే తెలుసనుకున్నాడు.