ఖాళీ ఫ్లాష్

ఆ రోజుల్లో సర్కారు నౌకరీ దొరకడమంటే దేవుడు దొరికినంత పని, దాన్ని చేజేతులా వదులుకోవడమంటే పిచ్చి ముదిరినట్టు లెక్క. డెబ్బయ్యో దశకం చివర్లో హనుమకొండలో అలాంటి పిచ్చి పట్టినవాణ్ణి నేను. ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితం మీద ముద్ర గుద్ది, నంబరు వేసి, లోపలికి పంపడం నా ఉద్యోగం. అందులో ఏముందో చదవాల్సిన అవసరం నాకు లేదు, చదివే అలవాటు లోపలివాళ్లకు లేదు. ఇట్లా మూడేళ్లు గుద్దాక సెకండ్ హ్యాండులో ఒక కెమెరా కొన్నాను (రెండు కళ్లది, పైనుంచి తొంగిచూసేది). దాన్ని మెడలో వేసుకున్న రోజు నుంచి నేను గుమస్తాను కాను, గుమస్తాల మధ్య చిక్కుకుపోయిన కళాకారుణ్ణి. రెండు పేజీల రాజీనామా రాశాను. అందులో స్వేచ్ఛ అనే మాట ఐదుసార్లు వచ్చింది. దాని మీద ముద్ర గుద్ది, నంబరు వేసి, లోపలికి పంపింది కూడా నేనే. హెడ్ క్లర్కు సారు అలవాటు ప్రకారం దాన్ని చదవకుండానే పక్కన పెట్టి, "ఆరు నెలలైనంక కాళ్లు మొక్కుకుంట వస్తవు తియ్. నీ కుర్చీ ఖాళీగనే ఉంటది" అన్నాడు. నేనాయన వైపు జాలిగా చూశాను. జాలి పడటానికి జీతం అక్కర్లేదు కదా.

ఇంట్లో మా బాపు ఇంకో రకం. ఆయన అరవలేదు. అన్నం ముందు కూర్చుని, "బ్యాండు కొట్టేటోనికి గూడ ఇంకో పని ఉంటదిరా. నీకేమున్నది?" అని అడిగాడు. "నాకు ఆర్ట్ ఉన్నది బాపూ" అన్నాను. బాపు ముద్ద కలుపుతూ, "అది తింటరా?" అన్నాడు. వంటింట్లోంచి మా అమ్మ నవ్వు వినబడింది. ఆ నవ్వు వినలేక కెమెరా తీసుకుని తిన్నగా మా గురువు దగ్గరికి పోయాను.

గురువంటే హనుమకొండలో అందరూ ఫ్లాష్ మామ అని పిలిచే ఫోటోగ్రాఫర్. ఆయన నాకు నేర్పిన విద్య ఒక్కటే. రీలుకు పన్నెండే ఫోటోలు, పెండ్లికి వచ్చే జనం మూడు వందలు. పెండ్లిపిల్ల పక్కన నిలబడి ఫోటో దిగకపోతే పెండ్లికి పోయినట్టే కాదని అందరి నమ్మకం. అందరినీ తీస్తే రీళ్లు చాలవు, తీయకపోతే లొల్లి. దీనికి మామ దగ్గరున్న మందు ఖాళీ ఫ్లాష్. ఫ్లాష్ డబ్బా వెనక చిన్న బొత్తాం ఉంటుంది. అది నొక్కితే కెమెరాతో పని లేకుండా భగ్గుమని వెలుగుతుంది, రీలు కదలదు, మనిషి మాత్రం నవ్వుకుంటూ పోతాడు. "మనిషికి కావాల్సింది ఫోటో గాదు అల్లుడా, వెలుగు" అనేవాడు మామ. "మొఖం మీద వెలుగు పడ్డదంటే దిల్ ఖుష్. ఆల్బం వచ్చేదాంక ఎవడు యాదికి పెట్టుకుంటడు?" ఇంత నీచమైన మాటను నేను వేదాంతం అనుకుని తలూపాను.

నేను ఫోటోలు తీసిన మొదటి పెండ్లి పరకాలలో. పొద్దున పదకొండు గంటలకు ముహూర్తం. చేతిలో మూడు రీళ్లు, మెడలో కెమెరా, ముఖంలో పొగరు. ఈ ఒక్క పెండ్లి బాగా వస్తే చుట్టుపక్కల ఊళ్లన్నీ నావి. చెడితే హెడ్ క్లర్కు సారు తుడిచి పెట్టిన కుర్చీ నాది. ఎవరు ఫోటోకు పనికొస్తారు, ఎవరు ఖాళీ ఫ్లాష్‌కు పనికొస్తారు అన్నది చూపుతోనే తేల్చేశాను. చెప్పులు చూస్తే చాలనుకున్నాను. పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తున్న జంట పిల్ల తల్లిదండ్రులని తీర్మానించుకుని వాళ్లకు ఆరు ఫోటోలు కొట్టాను. సఫారీ సూటు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ హుందాగా తిరుగుతున్న ఒకాయనను పెండ్లికొడుకు తరఫు పెద్ద ఆఫీసరనుకుని ఏడు కొట్టాను. మిగతా జనానికి బొత్తాం నొక్కుడే నొక్కుడు.

అంతా అయిపోతుండగా వంటలు చేస్తున్న వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. అంచు చిరిగిన ధోతి, కాళ్లకు చెప్పులే లేవు. వచ్చి పెండ్లిపిల్ల పక్కన కట్టెలా బిగుసుకుని, రెప్ప వెయ్యకుండా నిలబడ్డాడు. పిల్ల ఆయన చెయ్యి పట్టుకుంది. అది కూడా చూశాను, చూసి కూడా వెనక బొత్తామే నొక్కాను. "పడ్డనా బిడ్డా?" అని అడిగాడు ముసలాయన. "మస్తు పడ్డవ్ తాతా, ఫికర్ జెయ్యకు" అన్నాను. ఆ సమయానికి కెమెరాలో ఇంకా నాలుగు ఫోటోలు మిగిలి ఉన్నాయి. వాటిని నేను సఫారీ ఆయన భోజనం చేస్తుంటే తీశాను.

నెల దాటాక ఆల్బం పట్టుకుని బస్సులో పరకాల పోయాను. ఆషాఢం కావడంతో కొత్త పెండ్లికూతురు పుట్టింటికి వచ్చి ఉంది. నేను గొప్పగా ఆల్బం తెరిచి పెట్టాను. పిల్ల ఒక్కో పేజీ తిప్పుతూ సఫారీ సూటు దగ్గర ఆగింది. "గీయన ఎవరన్నా?" అంది. "మీ అత్తగారి తరఫాయన గదా" అన్నాను. "వాళ్లేమో మా తరఫాయన అనుకున్నరట. తిని పోయిండు, మళ్ల ఎవ్వలికి కనబడలే." నేను నవ్వబోయాను. పిల్ల నవ్వలేదు. పేజీలన్నీ చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి వచ్చి, "మా తాత ఏడి?" అని అడిగింది.

అప్పుడు తెలిసింది. పిల్లకు తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. పెంచి పెద్ద చేసింది ఆ తాత. కన్యాదానానికి పీటల మీద జంట కూర్చోవాలి, భార్య పోయిన మనిషి కూర్చోవడానికి లేదు. అందుకని బాబాయినీ పిన్నినీ కూర్చోబెట్టి, ఆయన పొద్దంతా వంటల దగ్గర ఉండిపోయాడు. ఆ పెండ్లి మొత్తంలో ఆయన పందిట్లోకి వచ్చింది ఆ ఒక్కసారే, నా ముందుకు.

తాత అరుగు మీదే ఉన్నాడు. నేను చేసిన పని ఊరికి తెలిస్తే పరకాల బస్సు మళ్లీ ఎక్కే అవసరం ఉండదు. "ఫిలిం కరాబైంది తాతా" అన్నాను. పిల్ల కోపంగా, "అందరియి మంచిగొచ్చి మా తాతదే కరాబైందా?" అంది. తాత మాత్రం నా భుజం తట్టాడు. "ఆ పిలగాన్ని ఏమనకు బిడ్డా. తప్పు నాదే. వెలుగు పడంగనే నేను కండ్లు మూసిన. నాకు ఎరుకే. గందుకే పడలే" అన్నాడు.

ఆ మాటకు నిజం చెప్పి ఉంటే నేను మనిషినయ్యేవాణ్ణి. చెప్పలేదు. ముద్రలు గుద్దే గుమస్తాకు ఉన్నంత ధైర్యం కూడా ఈ స్వేచ్ఛాజీవికి లేకపోయింది. "మళ్ల తీస్త తాతా, ఊరికే తీస్త" అన్నాను. పిల్ల లోపలికి పోయి పెండ్లి చీర కట్టుకుని వచ్చింది. ఆషాఢంలో అల్లుడు అత్తారి గడప తొక్కకూడదు కాబట్టి ఇద్దరే నిలబడ్డారు. బ్యాగులో ఉన్న రీలు మొత్తం కొట్టేశాను. పన్నెండింటిలోనూ పిల్ల నవ్వుతోంది, తాత రెప్ప వెయ్యకుండా గుడ్లు మిటకరించి చూస్తున్నాడు.

తర్వాత నా సంపాదన, నా పేరు, వరంగల్లో నాలుగు వీధుల వాళ్లూ నన్ను ఎరగడం, అంతా ఆ తాత పెట్టిన భిక్ష. "మంచి పిలగాడు, తప్పు నాదైతే గూడ మళ్ల తీసిండు" అని ఆయన ఊరూరా చెప్పాడు. పెండ్లిళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. ప్రతి పెండ్లిలో ముందుగా వంటల దగ్గరికి పోయి, పీటల మీద కూర్చునే వీల్లేనివాళ్లెవరో అడిగి, వాళ్ల ఫోటోతోనే రీలు మొదలుపెట్టేవాణ్ణి. ఫ్లాష్ మామ "నువ్వు బతుకవురా" అని తిట్టాడు. కొన్నేళ్లకు హెడ్ క్లర్కు సారు కూడా బిడ్డ పెండ్లికి తారీఖు ఖాళీ ఉందా అని అడగడానికి మా ఇంటికి వచ్చాడు. "కుర్చీ ఇంక ఖాళీగనే ఉన్నదా సార్?" అన్నాను. ఆ రోజు భోజనం దగ్గర మా బాపు తన చేత్తోనే నాకు అన్నం వడ్డించాడు.

అయితే తాత మెచ్చుకోలుతో ఆగలేదు. కనబడ్డవాళ్లందరికీ ఇంకో మాట కూడా నేర్పాడు: "వెలుగు పడంగ కండ్లు మూస్తే మనిషే పడడు, జర ఉషారుగుండుండ్రి." ఇప్పుడు నా పాత ఆల్బంలు తిరగేస్తే పరకాల చుట్టుపక్కల పెండ్లిళ్లన్నీ ఇట్టే గుర్తుపడతాను. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, చివరికి పెండ్లికొడుకు కూడా గుడ్లప్పగించి, ఊపిరి బిగబట్టి, నా వేలి వంకే చూస్తూ ఉంటారు. తాత పోయి చాలా ఏళ్లయింది. పాపం, తనే కళ్లు మూశాననుకుంటూ పోయాడు. ఆరోజు ఆయన రెప్ప కూడా వెయ్యలేదని తెలిసింది నా ఒక్కడికే.