ప్లేటు మాస్టారి ఏనుగు

ఆ ఊరి జనం చేత సరైన తిండి తినిపించే మహత్తర బాధ్యతను ఆరోగ్యశాఖవారు ఒకే ఒక్క మనిషి నెత్తిన పెట్టారు. ఆ యుద్ధానికి ఆయుధాలుగా ఒక గ్యాస్ పొయ్యి, ఒక గిన్నె, ఒక తెల్లటి ప్లేటు ఇచ్చారు. ప్లేటు మీద ఆకుపచ్చ గీతలుంటాయి. సగం కూరగాయలకి, పావు గుడ్డుకో చేపకో బీన్సుకో, మిగిలిన పావు నూడుల్సుకో పాస్తాకో. ఎంత తోమినా చెరగని రంగే కావాలని పై అధికారులతో పోట్లాడి మరీ ఆ గీతలు వేయించింది ఆయనే. "మనిషి మారిపోవచ్చు గానీ గీత మారకూడదు," అనేవాడు. ఊరు ఆయన్ని ప్లేటు మాస్టారు అంది. అసలు పేరుతో జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ పని పడలేదు.

మాస్టారి సిద్ధాంతం ప్రకారం నూడుల్స్ నిర్దోషులు.

"నూడుల్స్ కొత్తల్లుడి లాంటివమ్మా," అనేవాడు, ఏ గ్రంథాలయం హాల్లోనో, మిల్లు క్యాంటీన్లోనో నిలబడి. "ఒక్కడే వస్తే ఇబ్బంది లేదు. వెంట ఎవర్ని వేసుకొస్తాడన్నదే భయం. ఉప్పు నిండిన మసాలా పొట్లం, వెన్న ముద్ద, చీజ్ గుట్ట, ఇదీ పరివారం! వాళ్ళని గుమ్మంలోనే ఆపేసి, కూరగాయల్నీ గుడ్డునీ ఎదురు పంపండి."

పాస్తాని ముద్దయ్యేదాకా ఉడికించొద్దనీ, కాస్త పంటికి తగిలేలా దించితే నెమ్మదిగా అరుగుతుందనీ, పొట్టు తీయని గోధుమలతో చేసినదైతే పీచు ఎక్కువనీ చెప్పేవాడు. అన్నీ నిజాలే. నిజాలకున్న జబ్బేమిటంటే, వాటిని వింటూ హాయిగా కునుకు తీయొచ్చు. జనం తీసేవారు.

ఆ కునుకు వదిలించడానికే ఏనుగు పుట్టింది.

"మా ఇంట్లో ఓ బుజ్జి ఏనుగుందండీ," అని మాస్టారు గొంతు తగ్గించేవాడు. నిద్రపోతున్నవాళ్ళు ఒక కన్ను తెరిచేవారు. "బడి నుంచి రావడం, తొండం గిన్నెలో పెట్టడం!" అని ఒక పొడుగాటి నూడుల్ పోగు నోటికందించుకుని సుర్రుమని లోపలికి లాగేవాడు. చివర తోక విదిలించినట్టు పోగు ముక్కుకు తగిలేది. హాలు హాలంతా ఘొల్లుమనేది. ఆ తరువాత పీచు గురించి చెప్పినా, ఉప్పు గురించి చెప్పినా, చెవులప్పగించి వినేవారు.

ఏనుగు ఎవరో వేరే చెప్పాలా? ఆయన కూతురు. అప్పటికింకా చిన్నపిల్ల, బొద్దుగా ఉండేది. బడి లేని రోజుల్లో తండ్రి వెంట వచ్చి ముందు వరసలో కూర్చునేది. అందరికన్నా ముందు తనే నవ్వేది. ఇంటికొచ్చాక సలహా కూడా ఇచ్చింది. "నాన్నా, సుర్రుమనేది ఇంకా గట్టిగా అను. వెనకవాళ్ళకి వినపళ్ళేదు." ఆయన గట్టిగా అన్నాడు. నిజంగానే వెనకవాళ్ళు కూడా నవ్వారు.

పదహారో ఏట ఆ పిల్ల ఉన్నట్టుండి నూడుల్స్‌ని గీత ప్రకారం పావు ప్లేటుకి తగ్గించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ ముందే గెలిచిన మాస్టారు ఇల్లు కూడా గెలిచేశానని పొంగిపోయి, ఆ సంగతి రెండు సభల్లో చెప్పుకున్నాడు. పావు కాస్తా చెంచాడయింది. చెంచాడు నూడుల్స్ కూడా పోయి కూరగాయలే మిగిలాయి. తరువాత వాటి మీద నూనె తగిలిందని వాటినీ కడుక్కుని తినడం మొదలుపెట్టింది. ఏమన్నా అంటే ఒకటే జవాబు: "నువ్వే చెప్పావుగా నాన్నా."

ప్రమాదాన్ని ముందు పట్టుకున్నది ఆయన భార్య. బట్టలు బిగించి, వదులు చేసే కొట్లో పనిచేసే మనిషి ఆవిడ. ఓ సాయంత్రం కూతురి స్కర్టు తెచ్చి భర్త ఒళ్ళో పడేసింది.

"దీని నడుం మళ్ళీ బిగించాను. ఇంక బిగించడానికి గుడ్డ లేదు. మీ ప్లేటు గోల కాసేపు ఆపి, పిల్ల వంక చూడండి."

చూశాడు. ఊరందరి తిండి చూసిన మనిషి ఇంట్లో పిల్లని అప్పుడే చూశాడు.

డాక్టరమ్మ మాటలు నాన్చలేదు. "ఇది మొండితనం కాదండీ, జబ్బు. ఆకలి చచ్చిపోయి కాదు, తినడమంటే భయం పట్టుకుంది. ఇంట్లో తిండి గురించి పాఠాలొద్దు. ఒకప్పుడు ఏది ఇష్టంగా తినేదో అది పెట్టండి. ఈ వారం కూడా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చుకోక తప్పదు. గుండె అలిసిపోతోంది."

మాస్టారు తిన్నగా వీధి మూల దుకాణానికి వెళ్ళి, తాను సభల్లో వెలివేసిన మసాలా పొట్లంతో సహా నూడుల్స్ అడిగాడు.

"మీరా మాస్టారూ!" అని కొట్టువాడు చేతులు జోడించాడు. "పిల్లి తీర్థయాత్రలు మానేసిందన్నమాట! ఏం, రేపు దీన్ని ఉరితీస్తారా సభలో?"

"వెన్న కూడా ఇవ్వు. పెద్దది," అన్నాడు మాస్టారు.

ఇంటికొచ్చి మెత్తగా ఉడికించాడు. మసాలా పొట్లంలోది చిటికెడు మిగల్చకుండా వేశాడు. వెన్న వేశాడు, చీజ్ తురిమాడు. కొత్తల్లుణ్ణి సకల పరివారంతో సహా పిలిచి, గీతల్లేని పాత నీలం గిన్నెలో పోసి కూతురి ముందు పెట్టాడు. చిన్నప్పుడు అది ఆ పిల్ల గిన్నె. గుమ్మం దగ్గర తల్లి నిలబడింది.

పిల్ల గిన్నెలోకి చూసింది. "కూరగాయలేవి నాన్నా?"

"లేవు తల్లీ."

"గుడ్డు?"

"అదీ లేదు. వెన్నుంది. బోలెడుంది."

"ఇలా తినకూడదుగా?"

"నేను చెప్పేదంతా ఆ కుర్చీల్లో కూర్చుని ఆవలించేవాళ్ళకమ్మా. నీక్కాదు."

"నేనూ ఆ కుర్చీల్లోనే కూర్చున్నా కదా. ముందు వరసలో."

వినేవాళ్ళు దారికి రానప్పుడు మాస్టారు చేసేది ఒకటే ఉంది. ఎంత మొండి హాలైనా దానికి లొంగింది. గిన్నెలోంచి ఒక పోగు తీసి, నోటికందించుకుని, సుర్రుమని లాగాడు. తోక ముక్కుకు తగిలింది. గుమ్మంలో తల్లి కళ్ళు మూసుకుంది.

పిల్ల నవ్వింది. పెద్దవాళ్ళు చుట్టాలింట్లో నవ్వినట్టు, మర్యాదగా నవ్వింది.

"బాగా చేశావు నాన్నా," అంది. గిన్నెని మెల్లగా ఆయన వైపు జరిపింది. "ఆ ఏనుగు వెళ్ళిపోయిందిగా. నీకు సంతోషంగా లేదా?"

వారం తిరక్కుండానే ఆసుపత్రిలో చేర్చారు. కిటికీ పక్క మంచం, చేతికి గొట్టం, ఎదురుగా గోడకి గడియారం. భోజనం వేళయ్యింది. డాక్టరమ్మ రాసిచ్చిన పాస్తా తీసుకోవడానికి మాస్టారు కింద వంటగదికి వెళ్ళాడు. వడ్డించే ఆవిడ ఆయన్ని చూసి గరిటె ఊపింది.

"ప్లేటు మాస్టారు కదూ! మిల్లులో మీ పాఠం విన్నానండీ. నవ్వలేక చచ్చాం. ఏనుగు బాగుందా?"

"చిక్కిపోయిందమ్మా," అన్నాడు మాస్టారు.

"అయితే మీ పాఠం ఇంట్లో కూడా పారిందన్నమాట! అదృష్టవంతులు!" అని ఆవిడ మనసారా సంతోషించి, పాస్తా వడ్డించి ఇచ్చింది. తెల్లటి ప్లేటు, ఆకుపచ్చ గీతలు.

"గీతల్లేనిది ఒక్కటి... ఏ గిన్నైనా పరవాలేదు..."

"ఇక్కడన్నీ ఇవే సార్. మీ ఆఫీసు పంపినవే. ఎంత తోమినా రంగు పోదు, భలే ప్లేట్లు!"

పైకి తెచ్చి మంచం పక్క బల్ల మీద పెట్టాడు. పాస్తాని అటూ ఇటూ నెట్టి గీతల మీదికి పరిచాడు. చాలలేదు. ఎంత పరిచినా ఏదో ఒక గీత బయటపడుతూనే ఉంది. చివరికి ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి గోటితో అంచున గీకడం మొదలుపెట్టాడు.

పిల్ల దిండు మీది నుంచి తల తిప్పి చాలాసేపు చూసింది.

"పోదు నాన్నా," అంది నెమ్మదిగా, ఆయన్ని ఓదారుస్తున్నట్టు. "నువ్వే చెప్పావుగా."

ఆయన తలెత్తలేదు. పాస్తా చల్లారిపోతోంది. గోరు విరిగింది. రెండో చేతి గోటితో గీకుతున్నాడు.