నర్సమ్మగారు ముందు తల్లిని చూసేవారు

చోడవరం నర్సమ్మగారు పోయారని మొన్న తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. మనవలున్నవాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే నాకూ దుఃఖం ఆగలేదు.

పందొమ్మిదివందల యాభైలలో, ఆస్పత్రి నర్సుగా, మా వీధికి ఆవిడే పెద్ద దిక్కు. తెల్లచీర, నల్లగొడుగు, పక్కూరు వడ్డాది దాకానైనా నడకే. పురిటింట్లో అందరూ బిడ్డ మీదకి వంగితే ఆవిడ తల్లి మంచం దగ్గర కూర్చునేవారు. "గుంటడు ఎక్కడికీ పోడు. ముందు నీ సంగతి సెప్పు తల్లీ," అనేవారు. మా నాయనమ్మకి ఆ పద్ధతి బొత్తిగా గిట్టేది కాదు. మనవణ్ణి చూడకుండా కోడలితో ముచ్చట్లేమిటని సణిగేది.

తమ్ముడికి పుట్టిన పదిహేనో రోజున జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. పాలు తాగడం మానేసి తెల్లగా పాలిపోయాడు. నాయనమ్మ పక్షిదోషమని తాయెత్తు కట్టించింది. ఏడవడానికైనా వాడికి ఓపిక లేకపోయేసరికి నాన్న పరుగున వెళ్ళి నర్సమ్మగారిని తీసుకొచ్చారు.

ఆవిడ ఎప్పటిలాగే అమ్మనే అడిగారు.

"కడుపుతో ఉన్నప్పుడు చలిజ్వరం వచ్చిందేటమ్మా? బిళ్ళలు మింగేవా?"

అమ్మ నాయనమ్మ వైపు చూసింది.

"ఆస్పత్రి బిళ్ళలు నానే దాసీసేను," అంది నాయనమ్మ. "సేదు మందు వేడి సేస్తాది, కడుపు పోతాదని బయపడ్డాను నర్సమ్మా."

నర్సమ్మగారు కోప్పడలేదు. తల్లి నెత్తుటిలో ఉన్న జ్వరం పురుగు కడుపులో బిడ్డకీ పాకుతుందని నెమ్మదిగా చెప్పారు. బిడ్డ మడమ నుంచి, అమ్మ వేలి నుంచి చుక్క నెత్తురు తీసి, గాజుపలకల మీద పూసి అనకాపల్లి ఆస్పత్రికి పంపించారు. ఇద్దరిలోనూ అదే పురుగు. డాక్టరు చెప్పిన కొలతకి బిళ్ళ నూరి రోజూ ఆవిడే వచ్చి పట్టారు. నాలుగో రోజు తమ్ముడు గుక్కపట్టి ఏడిచాడు. ఆ ఏడుపుకి ఇంటిల్లిపాదీ నవ్వాం.

నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు. "నా సేతుల్తో సంపీసేదాన్ని," అని తల బాదుకుంది.

"బయంతోటి సేసేవు మామ్మా, పగతోటి కాదుగదా," అన్నారు నర్సమ్మగారు. ఆ మాటకి ఆవిడకి నేనెప్పటికీ ఋణపడి ఉంటాను.

రెండేళ్ళకి, చెల్లి కడుపులో ఉండగా, అమ్మకి మళ్ళీ చలిజ్వరం వచ్చింది. నర్సమ్మగారు బిళ్ళ అమ్మకి ఇవ్వబోతే నాయనమ్మ మధ్యలోనే లాక్కుంది. మళ్ళీ దాచేస్తుందనుకున్నాను. నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళి, ఆ బిళ్ళని కొత్తబెల్లం ముద్దలో పెట్టి తెచ్చి, అమ్మ నోటికి తనే అందించింది. అమ్మ మింగానని తలూపినా నమ్మలేదు.

"ఏదీ, నోరు తెరు!"

గడ్డం పట్టుకుని లోపలికి తొంగి చూస్తోంది నాయనమ్మ. పక్కనే మంచినీళ్ళ చెంబు పట్టుకుని నర్సమ్మగారు, ఆవిడ తనిఖీ అయ్యేదాకా కదలకుండా నిలబడి ఉన్నారు.