కొట్టువాడు పిలిచేదాకా

మా ఇంట్లో బేరం ఇద్దరి పని. ఒకరు కొట్లో కూర్చుని ధర అడగాలి, రెండోవాళ్లు మొహం చిట్లించుకుని లేచి వెళ్లిపోవాలి. వెళ్లేవాళ్లకు నియమం ఒక్కటే: కొట్టువాడు పిలిచేదాకా వెనక్కి తిరగకూడదు. తిరిగితే సరుకు మీద మనసున్నట్టు తెలిసిపోతుంది. ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ పేటలోని మా గాజుల కొట్లో, గల్లా వెనక కూర్చుని నన్ను పెంచిన మేనత్త నేర్పిన విద్య ఇది. అక్కడ పది అడుగులు వేయకముందే "ఓ దీదీ, శునున్ శునున్" అని, వినమంటూ బెంగాలీలో పిలుపు వెనక నుంచి వినిపిస్తుంది. మేమూ గిరాకీని అలాగే పిలుస్తాం. కొట్లవాళ్లు ఎక్కడైనా ఇంతేననుకున్నాను.

కిందటేడు రెండు రోజులకని ఇద్దరం మదురై వెళ్లాం. అత్తకు అరవై ఎనిమిదేళ్లు, చక్కెర జబ్బు. పొద్దున్నే అమ్మవారి దర్శనమైంది. గుడి బయట అప్పగించిన ఫోన్లు తీసుకుని రెండూ నా సంచిలో వేసుకున్నాను. ఎదురుగా ఇడ్లీ హోటలు. తినబోతున్నాం కదా అని అత్త అక్కడే నిలబడి చక్కెర మాత్ర వేసేసుకుంది. అప్పుడే పక్కన చీరల కొట్టు తలుపు తీస్తున్నారు.

"ముందు తిందామే. కడుపులో ఏటీ నేదు," అంది అత్త.

"ఇడ్లీలెక్కడికీ పోవత్తా. బోణీ అయిపోతే ఈ రేటుకి రాదు," అన్నాను.

మొదటి గిరాకీని ఏ కొట్టువాడూ వదులుకోడు. నాకు తెలియనిదా.

ముడులు కట్టి చుక్కలు తేల్చిన సుంగుడి చీర. అతను వచ్చీరాని హిందీలో ధర చెప్పాడు. నేను సగం చెప్పాను. నవ్వాడు. నేను కొంగు సర్దుకున్నాను, అది మా సంకేతం.

"ఇలాటియి మా ఊరి తాల్‌బగీచాల కిటికీలకి కడతారు," అని అత్త లేచి వెళ్లిపోయింది.

అతను పిలవలేదు. చీర మడతపెట్టడం మొదలుపెట్టాడు, తొందరేమీ లేకుండా. నేనూ కదల్లేదు. ముందు నోరు విప్పినవాళ్లు ఓడినట్టే. చివరికి చీర బీరువాలోకి వెళ్లిపోయింది. నేను బయటికి వచ్చాను.

వీధిలో అత్త లేదు.

మూల దాకా వెళ్లాను. మూల తిరిగితే ఇంకో వీధి, అచ్చం ఇలాంటిదే. పూలబుట్టలు, ఇత్తడి సామాను, చివర గోపురం. ఎటు తిరిగినా గోపురమే కనబడే ఊళ్లో దాన్ని చూసి దారి పట్టుకోవడం ఎలా? ఆమెకు తమిళం రాదు. ఫోన్ నా సంచిలో ఉంది. మాత్ర ఆమె ఒంట్లో ఉంది, కడుపులో తిండి లేదు. ఒకసారి ఇంట్లో అన్నం ఆలస్యమైతే, మాట తడబడి, నన్ను గుర్తుపట్టకుండా గోడవారగా జారిపోయింది.

"అత్తా" అని అరుస్తూ పరుగెత్తాను. ఒక పోలీసాయన ఆపి, ఏ రంగు చీర అని హిందీలో అడిగాడు. కొట్లో చూసిన చీర అంచు, చుక్కలు, ధర అన్నీ చెప్పగలను. నా ఎదుటే అత్త కట్టుకున్న చీర రంగు మాత్రం గుర్తు లేదు.

తిరిగి వచ్చి ఉంటుందేమోనని మళ్లీ కొట్టు దగ్గరికే వచ్చాను. గుమ్మంలో తట్టింది: రాదు. అతను పిలవలేదు కదా.

చేతులు జోడించాను. "మీరు పిలిస్తేనే ఆవిడ ఆగుతుంది, భయ్యా, రండి," అని హిందీలో బతిమాలాను. అతనికి ఏం అర్థమైందో తెలియదు. నా మొహం చూసి చెప్పులు తొడుక్కున్నాడు.

మూల తిరిగి, "అమ్మా, వాంగమ్మా" అని, రమ్మంటూ తమిళంలో గొంతెత్తి పిలుస్తూ నడిచాడు. పూలబుట్టల వెనక, మూసి ఉన్న కొట్టు మెట్ల మీద, మాకు వీపు పెట్టి కూర్చున్న ఒకావిడ మెల్లగా చెయ్యి ఎత్తింది. అత్తే. ఇందాక అరుస్తూ ఆ మెట్ల ముందు నుంచే నేను పరుగెత్తాను.

జాకెట్ చెమటకు తడిసిపోయింది. చెయ్యి చల్లగా ఉంది. అతను పక్క బండి నుంచి బెల్లం వేసిన పత్తిగింజల పాలు తెచ్చిచ్చాడు. సగం ఆమె కొంగు మీదే ఒలికింది. రెండో గ్లాసుకు గాని ఆమె చూపు నా మీద నిలవలేదు.

"నాను పిలిస్తే ఇనబడనేదా అత్తా?"

"ఇనబడ్డాది. నువ్వు పిలిస్తే తిరగడానికి నానేటి ఎర్రిదాన్నా? కొట్టోడు కదా పిలవాల." కాస్త ఊపిరి తీసుకుని, "తగ్గించినాడా?" అంది.

"సగానికిచ్చినాడత్తా."

అతను మొదట చెప్పిన ధరకే తీసుకున్నాను. తర్వాత అత్త నాలుగు ఇడ్లీలు తింది. నేను ఆమె చీర రంగు చూస్తూ కూర్చున్నాను.

ఊరికొచ్చిన వారానికి ప్రేమ్ బజార్‌లో గొడుగు బేరమాడుతున్నాం. నేను కొంగు సర్దుకోకముందే అత్త లేచి వెళ్లిపోయింది. గొడుగు అక్కడే పడేసి, వెంటపడి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఇద్దరం వచ్చీసినాం, బేరం ఎవులు సేస్తారే?"

వెనక నుంచి కొట్టువాడు "దీదీ, ఓ దీదీ" అని పిలుస్తూనే ఉన్నాడు. అత్త ఆగింది. నేను చెయ్యి వదల్లేదు.