తెర మీది దొరలతో తాష్తన్ బైకే తగువు

మేమంతా బైకే, అంటే అన్నగారూ అని పిలిచే తాష్తన్ నోరు మూసుకుని సినిమా చూడలేరు. అందులోనూ రాబోయే చెడ్డకాలం సినిమాలైతే, అంటే ఇంటింటికీ కెమెరా, మనిషికో నంబరు, కలలకు కూడా పన్ను వేసే లోకాల కథలైతే, మా కారకోల్ ఊరి సినిమా హాలు పైకప్పు అదిరిపోయేది. ప్రొజెక్టరు నడిపేవాణ్ణి కనుక ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాకది తప్పేది కాదు.

"చూడండి ఆ బూడిదరంగు కోటువాణ్ణి. నిద్రపోతున్న ముసలాయన మంచం కింద మైకు దాస్తున్నాడు. సిగ్గుందట్రా నీకు?"

"వాడికి వినపడదు బైకే," అనేవారు వెనక వరసవాళ్లు.

"ఎవడూ గట్టిగా అనకపోబట్టే వాడు మంచం దాకా వచ్చాడు."

ఆయన రిటైరైన పశువుల డాక్టరు. తిట్లన్నీ గుర్రాలకు సూదులేస్తూ నేర్చుకున్నవి. పక్క సీట్లో ఎప్పుడూ బూరుల్ ఎజెకే, అంటే బూరుల్ అక్కగారు, ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన పంతులమ్మ. "మెల్లగా తాష్తన్, క్లాసులోనూ ఇంతే నువ్వు," అని కసిరేవారు. ఆవిడ ఓపికకు మేమంతా జాలిపడేవాళ్లం.

ఈ చలికాలం కొత్త మేనేజరు సమత్ గుమ్మానికి మొహాలు గుర్తుపట్టే యంత్రం బిగించాడు. హాల్లో గొడవ చేసేవాళ్ల మొహాలు దానికి నేర్పాడు. మొదట ఎవరిది నేర్పాడో వేరే చెప్పాలా?

బైకే మంచులో నిలబడి టోపీ తీశారు, మీసం తుడుచుకున్నారు. యంత్రం మీది ఎర్రదీపం ఆరలేదు, తలుపు తెరుచుకోలేదు.

"పోయినవారం నువ్వు వేసిన సినిమాలో తలుపు ఇదేగా సమత్?"

"అది కథ బైకే. ఇది ప్రేక్షకుల సౌకర్యం."

"తెర మీద వాడూ ఇదే ముక్క అన్నాడు."

"నా చేతుల్లో ఏం లేదు. యంత్రం ఒప్పుకోవడం లేదు."

"మరి నువ్వెందుకిక్కడ? ఇంటికి పో."

నాకూ ఒళ్లు మండింది. అయినా ఆయనతో వచ్చిన ఎజెకేని చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టి, బొమ్మ మొదలుపెట్టాను. మాటల్లేని దృశ్యం. తెర మీద జనం వరసలు కట్టి నడుస్తున్నారు. హాల్లో ఊపిరి చప్పుడు కూడా లేదు. అప్పుడు వినిపించింది ఎజెకే గొంతు.

"కరెంటు పోయిందా నాయనా?"

అందరూ తిరిగి చూశారు. ఆవిడ కళ్లు తెర మీద లేవు, పక్కగోడ మీదున్నాయి.

అప్పుడు తెలిసింది మాకు. ఎవరు ఏ కోటు తొడిగారో, ఎవరెక్కడ దాక్కున్నారో ఒక్కటీ వదలకుండా చెబుతూ బైకే ఎందుకు తిట్టేవారో. చూపు పోయిందని చెప్పుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. అందుకని ఆయన రౌడీ పేరు మోశారు.

నేను బొమ్మ ఆపేశాను. "అవును ఎజెకే, ఇప్పుడే వస్తుంది."

సమత్‌కీ అక్షరాలు నేర్పింది ఆవిడే. హాలు చివర నిలబడి అంతా విన్నవాడు, తలవంచుకుని వెళ్లి బైకే కోసం వెనక తలుపు తానే తీశాడు. బైకే వచ్చి కూర్చోగానే నేను బొమ్మ మళ్లీ వేశాను, ఆయన మొదలుపెట్టారు.

"దుర్మార్గం. ఇంతమందిని గొర్రెల్లా తోలుతున్నారు. ముందున్న పిల్లది పచ్చకోటు..."

"నీలం కోటు బైకే," అంది వెనక నుంచి బంగాళాదుంపలమ్మే గుల్జార్.

"వెనక్కి తిరిగి నవ్వింది కూడా," అన్నారెవరో.

"నవ్వినందుకు కెమెరా ఆ పిల్ల వైపు తిరిగింది, పాడు కెమెరా," అన్నాడు గుమ్మం దగ్గర సమత్.

ఎజెకే విసుక్కున్నారు. "ఒక్కొక్కరు. చెయ్యెత్తి మాట్లాడండి."