ఐదు అపార్టుమెంట్లు, ఒకే మాట

మా వీధిలో అప్పట్లో ఐదు అపార్టుమెంట్లు ఉండేవి. ఐదింటి ముందూ పారేది ఒకటే మురుగుకాలవ. రాజమండ్రిలో వాన గట్టిగా పడిందంటే ఆ కాలవ పొంగి ముందు మా సెల్లార్‌లోకి, తరవాత పక్కవాళ్ల సెల్లార్‌లోకి వచ్చేది. ప్రతి అసోసియేషనూ తన గేటు ముందు మటుకు పూడిక తీయించి ఆ బురద పక్కవాళ్ల గేటు ముందు పోయించేది. నేను హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై మా అపార్టుమెంటుకి ప్రెసిడెంటునైన ఏడాది, ఒక్క వానాకాలంలోనే ఆ బురద మా గేటు ముందు మూడుసార్లు పడింది.

మూడోసారి పడిన రోజు గొడుగు వేసుకుని మిగతా నాలుగు అపార్టుమెంట్ల ప్రెసిడెంట్ల ఇళ్లకీ నేనే వెళ్లాను. ఎదురు అపార్టుమెంటు ప్రెసిడెంటుది భీమవరం వైపు. అక్కడ రొయ్యల చెరువులు ఉన్నాయి, పిల్లల చదువుల కోసం ఇక్కడ కాపురం పెట్టాడు. తలుపు తీస్తూనే కంగారుపడ్డాడు.

"ఏంటండీ మేడమ్ గారూ, ఈ వానలో మీరొచ్చారు? కబురు పెడితే నేనే వద్దును కదండీ."

"కాలవ ఒకటే అయినప్పుడు మనం ఐదుగురం వేరేవేరేగా ఎందుకండీ?" అన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం ఐదుగురం మా మేడమీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఐదుగురం కలిసి మున్సిపల్ ఆఫీసుకి వెళితే, అన్నేళ్లుగా కదలని మనుషులు వారంలో వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకి పూడిక తీశారు. వీధిలో నడుస్తుంటే బాల్కనీల్లోంచి నమస్కారాలు పెట్టేవారు. బడి వదిలేశాక మళ్లీ నా మాట వినేవాళ్లు దొరికారు. ఆ సంతోషం చిన్నది కాదు.

కాలవ అయ్యాక వాచ్‌మన్‌ల సంగతి వచ్చింది. పక్క అపార్టుమెంటు వాళ్లు కాస్త ఎక్కువిస్తామంటే వాచ్‌మన్ సామాను సర్దుకుని వెళ్లిపోయేవాడు. దీనికి ఏదైనా చూడాలండీ అని చెరువులాయన అన్నాడు. నేనే ఉపాయం చెప్పాను.

"ఒక స్కూలు ఇచ్చిన టీసీ లేకుండా పిల్లల్ని ఇంకో స్కూలు చేర్చుకోదు కదండీ. ఒకచోట మానేసిన వాచ్‌మన్‌ని, ఆ ప్రెసిడెంటు రాసిచ్చిన ఉత్తరం లేకుండా మిగతా నలుగురం పెట్టుకోకూడదు."

అందరూ నవ్వారు. ఒప్పుకున్నారు. దాని పేరు టీసీయే అయిపోయింది.

మా వాచ్‌మన్‌ది తుని దగ్గర పల్లెటూరు. ఆరేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు. సెల్లార్‌లో నీళ్ల మోటారు పక్క గదిలో భార్యా, కూతురితో కాపురం. భార్య మా అపార్టుమెంటులోనే నాలుగిళ్లలో అంట్లు తోమేది. కూతురు పదో తరగతి. అందరూ నన్ను మేడమ్ అంటే ఆ పిల్ల ఒక్కతే టీచర్ గారూ అని పిలిచేది.

ఆ సంక్రాంతి వెళ్లాక భార్యకి గర్భసంచి ఆపరేషన్ అయింది. పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదని మా లిఫ్టు పక్కన బోర్డు ఉంది. నేను పెట్టించిందే. వాచ్‌మన్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరమ్మ మెట్లెక్కొద్దందండి. రెండు నెలలు దాన్ని లిఫ్టులో వెళ్లనివ్వండి."

"ఒకళ్లకి వదిలితే అందరూ ఎక్కుతారు. అంతగా అయితే రెండు నెలలు మానేసి పడుకోమను" అన్నాను.

మానేస్తే ఆ ఇళ్లవాళ్లు ఇంకొకర్ని పెట్టుకుంటారని నాకూ తెలుసు. పదిహేనో రోజుకే ఆవిడ పనిలోకి దిగింది. ఒక పొద్దున రెండో అంతస్తులో నేను లిఫ్టు పిలిస్తే, తలుపు తెరుచుకునేసరికి లోపల ఆవిడ ఉంది. ఒక చెయ్యి పొట్టమీద అదిమిపెట్టుకుంది.

"దిగు" అన్నాను.

దిగింది. మిగతా మూడంతస్తులూ ఆవిడ గోడ పట్టుకుని ఎక్కుతుంటే, నేను అదే లిఫ్టులో మేడమీద ఆరేసిన బట్టలు తీసుకోడానికి పైకి వెళ్లాను.

ఆ ఆదివారం మేడమీద మీటింగుకి టీ తెచ్చింది వాచ్‌మనే. పళ్లెం బల్లమీద పెట్టి కదల్లేదు.

"ఒక్క మాటండి మేడమ్ గారూ. దానికి కుట్లు విడిపోయాయండి. మళ్లీ వేశారండి. మీకు ముందే చెప్పుకున్నానండి. మీరైతే ఆ కుట్లతో అలా ఎక్కగలరా అండి?"

గొంతు పెంచలేదు. చివర అండి కూడా మానలేదు. నలుగురు ప్రెసిడెంట్లూ టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. చెరువులాయన మెల్లిగా అన్నాడు.

"బాగా చనువిచ్చేశారండీ మేడమ్ గారూ."

కుట్లు విడిపోయిన సంగతి నా చెవిలో పడనేలేదు. చనువన్న మాట మటుకు పడింది.

"రేపటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు. వారంలో గది ఖాళీ చెయ్యి" అన్నాను.

అతను పెద్దగా బెదరలేదు. ఎదురు అపార్టుమెంటులో వాచ్‌మన్ పని ఖాళీగా ఉందని అతనికి తెలుసు. మర్నాడే వెళ్లి అడిగాడు. పదకొండు గంటలకి చెరువులాయన ఫోను చేశాడు.

"మనిషి మంచోడేనండి. మీరు టీసీ ఇస్తున్నట్టా, ఇవ్వనట్టా?"

"ఇవ్వట్లేదండి."

"అయితే సరేనండి. మన మాట మనదే."

మిగతా ముగ్గురి దగ్గర నుంచీ అలాంటి ఫోన్లే వచ్చాయి. దాచుకోవడం ఎందుకు, ప్రతి ఫోనుకీ నాకు లోపల హాయిగానే ఉంది. నేను అల్లిన కట్టు ఎక్కడా తెగలేదు.

ఐదో రోజున వాళ్ల అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పరీక్షలకి ఇంక నెలరోజులు కూడా లేవు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం నా చేతికి ఇచ్చింది. తండ్రి తప్పుగా మాట్లాడాడనీ, క్షమించి టీసీ ఇప్పించమనీ, పరీక్షలయ్యే వరకైనా ఈ వీధిలో ఉండనివ్వమనీ రాసింది.

కళ్లజోడు పెట్టుకుని చదివాను. సొరుగులోంచి ఎర్రపెన్ను తీశాను. 'క్షమాపన' చుట్టూ సున్నా చుట్టాను. 'ప్రార్దిస్తున్నాను' చుట్టూ ఇంకొకటి.

"పదో తరగతికొచ్చి క్షమాపణ రాయడం రాకపోతే ఎలాగమ్మా?"

"సరిచేసి తెస్తే టీసీ ఇస్తారా టీచర్ గారూ?"

"ముందు రాసి తీసుకురా."

అరగంటలో తిరిగొచ్చింది. ఈసారి గీతల కాగితం మీద, మార్జిను కొట్టి, గుండ్రంగా రాసింది. ఎక్కడా తప్పు లేదు. రెండుసార్లు చదివి మడిచి దాని చేతిలోనే పెట్టాను.

"ఇది మీ నాన్న రాయాలి. నువ్వు కాదు."

"నాన్నకి రాయడం రాదండి."

"తెలుసు" అన్నాను.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా ముఖంలోకి తేరిపార చూసి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఏ విద్యార్థీ నన్ను అలా చూడలేదు.

వారం నిండిన రోజు ట్రాలీ ఆటో వచ్చింది. మంచం, గ్యాసు పొయ్యి, బట్టల మూటలు ఎక్కించారు. మూటల మధ్య తల్లి ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. రావులపాలెంలో అరటిగెలల మార్కెట్ దగ్గర బంధువులున్నారట, అక్కడికి వెళుతున్నారని ఎవరో చెప్పారు. ఆటో వీధి మలుపు తిరక్కముందే నాలుగో అంతస్తు ఆవిడ ఇంటర్‌కామ్‌లో, రేపటి నుంచి అంట్లెవరు తోముతారండీ అని అడిగింది.

మా కూటమి పేరు పాకింది. వెనక వీధివాళ్లు వచ్చి ఎలా చేశారో కనుక్కున్నారు. ఇంకో నాలుగు అపార్టుమెంట్లు మాతో చేరాయి. ఒక సభలో నాకు శాలువా కప్పారు. మేడమ్ గారి వల్ల మన పనివాళ్లలో క్రమశిక్షణ వచ్చిందని చెరువులాయన మైకులో చెప్పాడు. నిజమే. అప్పటి నుంచి మా వీధిలో ఏ వాచ్‌మనూ ఎవరికీ ఎదురుచెప్పలేదు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు పాత అలవాటు కొద్దీ పేపరు తిరగేస్తుంటే ఆ పిల్ల గుర్తొచ్చింది. వాచ్‌మన్ నంబరు ఇంకా నా ఫోనులో ఉంది. చేశాను.

"బాగున్నామండి" అన్నాడు.

"అమ్మాయి పరీక్షలు రాసిందా?"

"సెంటరు రాజమండ్రిలోనే పడింది కదండీ. రెండు పరీక్షలకి బస్సులో తీసుకొచ్చానండి. మూడోదానికి బయల్దేరే పొద్దున వాళ్లమ్మకి రక్తం పోయి ఆస్పత్రిలో పడిందండి. ఇంక కుదర్లేదండి."

"సప్లిమెంటరీ రాయించు. సిలబస్ అదే."

"వాళ్లమ్మ లేవట్లేదండి. మార్కెట్‌లో పనికి పిల్లే వెళ్తందండి."

ఫోనులో వెనక లారీ హారన్లు వినపడుతున్నాయి. ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది.

"టీసీ రాసిస్తాను. వచ్చేయండి. ఇక్కడ ఎక్కడో ఒకచోట పెట్టిస్తాను."

"అక్కర్లేదండి" అన్నాడు. "ఉంటానండి మేడమ్ గారూ" అని పెట్టేశాడు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ వచ్చే ఆదివారం మిగతా ఎనిమిదిమంది ప్రెసిడెంట్ల ముందు, మన టీసీ రూలు కాస్త సడలిస్తే ఎలా ఉంటుందండీ అని అడిగాను. గట్టిగా అడగలేదు. ఎందుకో చెప్పలేదు. చెబితే లిఫ్టు సంగతి నుంచీ చెప్పుకురావాలి.

చెరువులాయన నవ్వాడు. "అదేంటండీ! మీరు పెట్టిన రూలు మీద ఇన్ని అపార్టుమెంట్లు నడుస్తుంటే, మీరే అలాగంటే ఎలాగండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తరవాతి విషయం సీసీ కెమెరాలు. వీధిలో ఏయే మూలల్లో పెడితే పనివాళ్లు వచ్చే వేళా, పోయే వేళా కనపడతాయో, కాగితం మీద నేనే గీసి చూపించాను.