రెండు ప్రాసెసర్ల చాకిరీ
మా ఆఫీసులో అందరికీ కొత్త ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన రోజు మేనేజరు కేకు కోశాడు. వాటిలో ప్రాసెసర్ రకమే వేరని అతనికి తెలుసు. దానివల్ల ఏమవుతుందో తెలియదు. సన్నగా ఉంది, వేడెక్కదు, అతనికది చాలు.

మేం చేసేది రక్తపరీక్షల ల్యాబులు వాడే సాఫ్ట్‌వేర్. వాళ్ళ కౌంటర్ల మీద ఉన్నవన్నీ పాత రకం ప్రాసెసర్ల కంప్యూటర్లు. కొత్త రకానికని తయారుచేసిన ప్రోగ్రాం వాటిలో తెరుచుకోనే తెరుచుకోదు. అందుకే నేను పాత ల్యాప్‌టాప్ తిరిగివ్వలేదు. ఏ చిన్న మార్పు వచ్చినా రెండింటిలోనూ చేసి, రెండింటిలోనూ నడిపి చూసేదాన్ని. ఒకదాంట్లో ఇట్టే ఎక్కిన కోడ్ లైబ్రరీ రెండోదాంట్లో పూటంతా మొరాయించేది.

"ఇంకా ఆ డబ్బా మోస్తున్నారా మేడమ్? మ్యూజియంకి ఇచ్చేయండి" అనేవాడు మేనేజరు. విజయవాడ నుంచి ఈ అరవదేశం వచ్చి ఏడాది కాలేదు, నాకంటే పదేళ్ళు చిన్న. పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. అతను నవ్వమంటే తప్ప నవ్వు రాని మనుషులు.

ఊళ్ళోనే పురసవాక్కంలో ఒక ల్యాబుకు కొత్త వెర్షన్ పెట్టాల్సి వచ్చింది. తన పనితనం చూపించుకోవాలని మేనేజరే తన కొత్త ల్యాప్‌టాప్‌లో దాన్ని తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు. అది అక్కడ నడవదని నాకు తెలుసు. అంతకుముందు రెండుసార్లు చెప్పి చూశాను. ఈసారి చెప్పలేదు. బోర్లాపడితే గానీ బుద్ధి రాదనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. అతను పాత వెర్షన్ తీసేసి కొత్తది పెట్టాడు. తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అంతే. "మీ కంప్యూటర్లే పాతవండీ" అని ల్యాబు యజమానితో అనేసి, ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచాడు.

హాలు నిండా పరగడుపున వచ్చిన షుగరు పేషెంట్లు. టోకెన్లు రావడం లేదని ఒక ముసలాయన కౌంటరు దగ్గరి ఆవిడ మీద అరవంలో విరుచుకుపడ్డాడు. వ్యాసర్పాడి పేట నుంచి వచ్చే నడివయసు తెలుగు మనిషి ఆవిడ. తలెత్తకుండా చీటీల మీద నంబర్లు రాస్తూనే నాతో అంది: "ఏందక్కా ఇది? ఈడ పెద్దోళ్ళు నీరసంగా కూచోనుండారు. ఆడ మీ సారేమో ఫోన్లో నవ్వతా ఉండాడు."

సంచిలోంచి పాత ల్యాప్‌టాప్ తీశాను. అందులో నేను సిద్ధం చేసి ఉంచిన వెర్షన్ కౌంటరు కంప్యూటర్లలో పెడితే పది నిమిషాల్లో నడిచింది. మేనేజరు లోపలికొచ్చి, "మా దగ్గర బ్యాకప్ ప్లాన్ ఎప్పుడూ రెడీగా ఉంటుందండీ" అన్నాడు యజమానితో, నావైపు చూడకుండానే.

తర్వాతి మీటింగులో దాన్ని తన ఆలోచనగా చెప్పుకున్నాడు. ఇకమీదట అందరూ రెండు రకాల ప్రాసెసర్ల మీదా నడిపి చూడాలన్నాడు. పాత ల్యాప్‌టాప్‌లన్నీ తానే వెనక్కి పంపించాడు కనక, నా డబ్బా కోసం ఇప్పుడు అందరూ వంతులు వేసుకుంటున్నారు.

పోయిన నెల మళ్ళీ ఆ ల్యాబుకు వెళ్ళినప్పుడు, ఆ రోజు అది నడవదని నాకు ముందే తెలుసని కౌంటరు ఆవిడతో చెప్పాను.

"మీ సారు మింద కోపం మా మింద తీర్చుకుంటివే అక్కా" అని, తర్వాతి టోకెను పిలిచింది.